ఇంకో చెంప ఉంది

సెలూన్ తెరవగానే పెద్దాయన ముందు అద్దం తుడుస్తాడు. గుడ్డ తమ్ముడి మొహం దాకా వచ్చేసరికి చెయ్యి మెత్తబడుతుంది. తమ్ముడు ఇరవై ఆరేళ్ళవాడిగానే, మెడకు తువ్వాలుతో, ఒక చెంప నున్నగా, రెండో చెంప నిండా సబ్బు నురగతో అద్దంలో కూర్చుని ఉంటాడు. ముప్పై ఒక్క ఏళ్ళయినా ఆ నురగ ఆరలేదు.

వచ్చేవాళ్ళకి ఇదేం వింత కాదు. కుర్చీలో కూర్చుని, తమ మొహం కనబడేట్టు కాస్త పక్కకి జరుగుతారు, అంతే. చనువున్నవాళ్ళు "నీ వంతు ఇంకా రాలేదా నాయనా" అని పరాచికాలాడతారు కూడా.

అప్పట్లో సమ్మె చేసిన ప్రెస్సు పనివాళ్ళని ఏరి ఏరి పట్టుకెళ్ళేవారు. ప్రెస్సులో పనిచేసే తమ్ముడి కోసం యూనిఫాంలో నలుగురు షాపులోకొచ్చారు. ఎందుకు తీసుకెళ్తున్నారని అడగాల్సిన అన్న, పని అలవాటు కొద్దీ, "ఒక్క నిమిషం సార్, ఇంకో చెంప ఉంది" అన్నాడు. అంతకన్నా మంచి మాట రాలేదా నాకు అని ఈనాటికీ కుమిలిపోతాడు.

తమ్ముడు మళ్ళీ రాలేదు. అన్న కేసు వేస్తే, అసలా షాపులో అడుగే పెట్టలేదని వాళ్ళు కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. చూసినవాళ్ళెవరూ నోరు విప్పలేదు. అద్దం ఉందిగా అంటే, అది సంతకం పెట్టలేదు కాబట్టి చెల్లదన్నారు. పెద్దాయన కాళ్ళరిగేలా తిరిగాడు.

ఇప్పుడు విచారణ సంఘం నుంచి కాగితం వచ్చింది. కేసు వదులుకుంటున్నానని సంతకం పెడితే ఫైలు మూసేస్తారు. నర్సుగా చేస్తున్న కూతురు బతిమాలింది.

"బాబాయి కోసం తిరిగి తిరిగి నువ్వు కూడా పోతావేమోనని భయంగా ఉంది నాన్నా. పెట్టెయ్."

పిల్ల మాటలో తప్పేం లేదు. మర్నాడు పొద్దున్నే ఆయన కాగితం ముందేసుకుని పెన్ను మూత తీశాడు.

వారం రోజులుగా ఓ ముసలాయన ఎదురు మెట్ల మీద కూర్చుని, షాపు వైపు చూసి చూసి వెళ్ళిపోతున్నాడు. ఆ వేళ కర్ర ఊతంగా లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కొత్తవాడు కదా, పక్కకి జరగాలని తెలీదు. తమ్ముడే జరిగాడు.

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, తువ్వాలు సర్దుకుని, తమ్ముడు చోటిచ్చాడు. ఆ చోట ముసలి మొహం రాలేదు. టోపీ పెట్టుకున్న ముప్పై అయిదేళ్ళ మొహం వచ్చింది. ఆ నలుగురిలో ఒకడు. పెద్దాయనకి కోపం రావాలి, రాలేదు. తమ్ముడు కదిలాడన్న అబ్బురం ఒక్కటే ఒళ్ళంతా నిండి, కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

ముసలాయన అద్దంలోకి చాలాసేపు చూశాడు.

"ఆ రోజు మీరు ఒక్క నిమిషం అడిగారు. ఇవ్వనన్నది నేనే," అన్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్ళారు?" అడిగాడు పెద్దాయన.

"మీ ఒక్కరికే చెబితే గాలికి పోతుంది. రాసుకునేవాళ్ళ ముందు చెబుతాను." ముసలాయన అద్దం మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "కేసు ఇంకా ఉందా?"

పెద్దాయన బల్ల మీది కాగితం వైపు చూశాడు.

"ఉంది," అన్నాడు.