వంటింటి నంబరుకు వచ్చిన కబురు

మా మేనకోడలు కూడా నా వృత్తిలోనే ఉంది. నీ సర్వర్ ఎక్కడుందే అని అడిగితే నవ్వుతుంది. ఎక్కడుందో దానికీ తెలియదట, తెలుసుకోవాల్సిన పనీ లేదట. ఆ మాట వింటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. నా సర్వర్ ఎక్కడుండేదో కళ్ళు మూసుకుని చెప్పగలను. కంటి ఆసుపత్రి మొదటి అంతస్తులో, ఉతికిన దుప్పట్లు దాచే గదిని ఆనుకుని, కిటికీ కూడా లేని చిన్న గదిలో. తలుపు తీయగానే సబ్బు వాసన, వేడెక్కిన దుమ్ము వాసన కలిసి మొహాన కొట్టేవి. ఎక్కడైనా మళ్ళీ ఆ వాసన తగిలితే కాసేపు అక్కడే నిలబడిపోతాను.

ఆ గదికి రాజూ మంత్రీ మాస్టారు. ఒకప్పుడు పిల్లలకు లెక్కలు చెప్పేవారు, ఆ పిలుపు అలాగే అతుక్కుపోయింది. నేను ఆయన కింద పనిచేసేదాన్ని. ఆసుపత్రి మొత్తానికీ ఉన్నది ఒక్కటే యంత్రం. దాని మీదే నాలుగు అప్లికేషన్లు నడిచేవి. చిరునామా అన్నిటికీ ఒకటే, చివర పోర్టు నంబరు ఒక్కటే వేరు, ఒకే ఇంటికి నాలుగు తలుపులున్నట్టు. ఎనభై ఎనభై అని కొడితే డాక్టర్ల అపాయింట్‌మెంట్లు. ఎనభై ఎనభై ఒకటి కొడితే పరీక్షల రిపోర్టులు. రెండుతో ముగిస్తే వంటిల్లు, మూడుతో ముగిస్తే కబుర్ల బోర్డు. వేరువేరు నంబర్లు కాబట్టి ఒకదాన్ని ఆపి మళ్ళీ లేపినా మిగతావాటికి నిద్రాభంగం అయ్యేది కాదు. ఆసుపత్రిలో ఎవరూ వాటిని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "రెండులో చెప్పండి, ఉప్పు తగ్గించమని" అనేవారు. "మూడు పలకడం లేదు" అని కబురొస్తే నేను తింటున్న కంచం వదిలేసి పరిగెత్తాలి.

మాస్టారికి రంగుల మీద మోజు లేదు. నాలుగింటికీ ఒకే నీలం పేజీ గీసి పడేశారు. వంటింటి పేజీలో మంచం నంబరు, దాని కింద 'ఏం కావాలి' అని ఒక గడి, ఒక బటన్. కబుర్ల పేజీలో మంచం నంబరు, దాని కింద 'ఏం చెప్పాలి' అని ఒక గడి, అచ్చం అదే బటన్. మొదటిది నొక్కితే కింద వంటగదిలో చిన్న ప్రింటర్ చీటీ కక్కేది. రెండోది నొక్కితే వార్డులో అక్క బల్ల మీదున్న తెరపై పడేది.

అక్క ఆ వార్డు నర్సు, పెద్ద డాక్టరుగారికి కూడా అక్కే. ఆపరేషన్ అయినవాళ్ళు అప్పట్లో రెండు కళ్ళకూ కట్లతో రోజుల తరబడి కదలకుండా పడుకోవాలి. వార్డులోకి చుట్టాలను రానిచ్చేవారు కాదు. ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ చేరలేదు, ఆసుపత్రి ఫోను ఎప్పుడు చూసినా బిజీ. అందుకని ఇంటివాళ్ళు కింద హాల్లో కూర్చునో, తమ ఊరి ఇంటర్నెట్ కొట్టు నుంచో కబురు రాసేవారు. సాయంత్రం అక్క వాటిని కాగితం మీద అచ్చు తీసుకుని మంచం మంచానికీ వెళ్ళి వినిపించేది. అత్తగారు రాస్తే అత్తగారిలా దీర్ఘాలు తీసి, చంటిపిల్ల చెప్పింది రాస్తే ముద్దుముద్దుగా. వాళ్ళు బదులు చెబితే రాసి పంపేది కూడా ఆమే. అక్క వస్తోందంటే వార్డు వార్డంతా చెవులు రిక్కించేది.

ఒకరోజు నేనూ సరదాగా ఆమె వెనకాల నిలబడ్డాను. తొమ్మిదో మంచం మీద ఒక వడ్రంగి ఉండేవాడు, ముప్ఫై ఏళ్ళ మనిషి, మాటకారి. అతని అన్న రాసిన కబురు అక్క భుజం మీంచి నాకు కనబడుతోంది. 'అమ్మకు అస్సలు బాగోలేదు. నిన్నే కలవరిస్తోంది. డాక్టర్ని అడిగి ఒక్కసారి వచ్చి వెళ్ళు.'

అక్క చదివింది. "అమ్మ నిన్ను తలుచుకుంటోంది. కళ్ళు బాగయ్యాక నెమ్మదిగా రమ్మంది."

వడ్రంగి కట్ల కింద నవ్వాడు. "మా అమ్మ నెమ్మదిగా రమ్మందా? ఆవిడకి తొందరెక్కువండీ. వచ్చి వంటగది తలుపు సరిచేస్తానని రాయండి అక్కా. అది మూసుకోవట్లేదని నన్ను ఏడాదిగా సతాయిస్తోంది."

బయటికి రాగానే అక్క చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, అందులో అలా లేదు కదా."

"లేదు. ఏడిస్తే కుట్లు చెడతాయి. చెడితే చూపు పోతుంది. వారం ఓపిక పడితే కట్లు విప్పుతారు, అమ్మని కళ్ళారా చూసుకుంటాడు."

"అప్పటిదాకా ఆవిడ ఉండాలిగా."

"ఉంటుంది. నేను ఎన్ని కబుర్లు చదివానో నీకు తెలీదు. ఇంటివాళ్ళు గోరంతని కొండంత చేస్తారు. పద, టీ తాగుదాం."

అక్క మాటంటే మాకు వేదవాక్కు. వెళ్ళి టీ తాగాం.

ఆ వారంలోనే కొత్త బిల్లింగ్ ప్రోగ్రాం మా నెత్తిన పడింది. పాత యంత్రం నాలుగింటినే ఆపసోపాలు పడుతూ మోసేది, ఐదోదానికి మెమొరీ చాలదు. పైగా నెట్‌వర్క్ కాంట్రాక్టరు మాకు తెరిచి ఇచ్చినవి నాలుగు నంబర్లే. కబుర్ల బోర్డు పీకేయమన్నారు మేనేజరుగారు. మాస్టారు గడ్డం గోక్కుంటూ రెండు టీలు తాగి ఉపాయం చెప్పారు. వంటింటికి ఆర్డర్లు వచ్చేది మధ్యాహ్నం దాకానే, కబుర్లకు పని ఆ తర్వాతే. కాబట్టి ఇద్దరూ ఒకే నంబరు మీద డ్యూటీలు మార్చుకుంటారు. భోజనాలు కాగానే వంటింటిని ఆపేసి, అదే 'రెండు' మీద కబుర్లను లేపుతారు. కబుర్లు ఖాళీ చేసిన 'మూడు' బిల్లింగ్‌కి. నాకు ఈ ఏర్పాటు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. రోజూ ఆ పోర్టును వంటింటి నుంచి తీసుకుని అక్కకు అప్పగించడం మాస్టారే స్వయంగా చేసేవారు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

వడ్రంగికి కట్లు ఇంకా విప్పకముందే, ఒక మధ్యాహ్నం వంటింటి పిన్ని మాస్టారిని బతిమాలింది. మర్నాడు ఎక్కువమంది చేరుతున్నారు, వార్డుల నుంచి ఆర్డర్లు ఇంకా రావాలి, కాసేపు ఆపొద్దు అంది. సరేనన్నారు. నేను రిపోర్టుల గదిలో ఏదో వైరు పోయిందని వెళ్ళాను. మాస్టారేమో బిల్లింగ్‌వాళ్ళతో వాదనలో పడి, ఆపాలన్న సంగతే మర్చిపోయారు.

చుట్టాలు మేం చెప్పినట్టే తమ వేళకి 'రెండు' తెరిచారు. నీలం పేజీ వచ్చింది. పైన ఏం రాసి ఉందో ఎవరు చూస్తారు? మంచం నంబరు వేసి, గడిలో మనసులో మాట రాసి, బటన్ నొక్కారు. వంటగదిలో ప్రింటర్ టకటకమంది. 'పదకొండో మంచం: మనవరాలు అడుగులు వేస్తోంది.' 'నాలుగో మంచం: నీ మీద కోపం పోయింది, మంచిగా తిను.' పిన్ని చీటీలు పట్టుకుని నిలబడిపోయింది. "మనవరాలు అడుగులు వేస్తే నన్నేం వండమంటారే?" అని సహాయకురాలిని అడిగిందట. అయినా అవి మంచం మంచానికీ వచ్చినవి కదా అని, ఏ మంచం చీటీని ఆ మంచం రాత్రి భోజనం పళ్ళెంలో పెట్టి పైకి పంపించేసింది.

వార్డులో చెంచాతో తినిపించే ఆయాలు ఆ చీటీలు చదివేశారు. తొమ్మిదో మంచం ఆయాకి కాస్త గట్టి గొంతు. నేను అప్పుడే వార్డు గుమ్మంలో అడుగుపెట్టాను. ఆమె చదువుతోంది.

"తమ్ముడూ, మూడు సార్లు రాశాను. తలుపు బాగుచేస్తానని రాస్తావేంటి? అమ్మ ఇంక ఎక్కువ సేపు ఉండదంటున్నారు. నీ గొంతు వినాలంటోంది. ఎవరినైనా తోడు తీసుకుని రా."

వడ్రంగి చెంచాను చేత్తో పక్కకి తోసి లేచి కూర్చున్నాడు. అక్క తన బల్ల దగ్గర, ఎంతకీ కబుర్లు పడని తెర ముందు కూర్చుని ఉంది. అతను ఆమె ఉన్న వైపు మొహం తిప్పాడు.

"అక్కా, మూడు సార్లు రాశాడంట. మీరు నాకేం చదివారు?"

అక్క దగ్గరికి వచ్చింది. ఏదో సర్దిచెబుతుందనుకున్నాను. "నీ కళ్ళ కోసం మార్చి చదివాను తమ్ముడూ. తప్పు చేశాను" అంది. అతను తిడతాడేమో అని నేను భయపడ్డాను. తిట్టలేదు. మంచం కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు.

పెద్ద డాక్టరుగారు మొదట ససేమిరా అన్నారు. తర్వాత కట్టు మీద కట్టు వేసి, కుదుపులు లేకుండా నడపమని ఆసుపత్రి బండి ఇచ్చారు. తెల్లారేలోగా మళ్ళీ మంచం మీద ఉండాలన్నారు. తోడు తాను వెళ్తానని అక్క ముందుకొచ్చింది. వడ్రంగి తటపటాయించి, ఆమె చాచిన చెయ్యి పట్టుకున్నాడు.

వాళ్ళు తిరిగొచ్చిన ఉదయం అక్క మా సర్వర్ గదికి వచ్చి, ఉన్న ఒక్క స్టూలు మీద కూలబడింది. యంత్రం హోరులో ఆమె మాట సరిగ్గా వినబడక ఫ్యాను తగ్గించాను.

"అందుకున్నాం. ప్రాణం ఉంది, కళ్ళు తెరిచే ఉంది. కొడుకుని చూసింది. మాట మాత్రం మేం చేరేలోగానే పడిపోయిందట." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆవిడకి మాట లేదు, వాడికి చూపు లేదు. వాడు ఏదేదో చెబుతూనే ఉన్నాడు. ఆవిడ వేళ్ళతో వాడి బుగ్గలు తడుముతోంది. నేను మొదటిసారి రాసింది రాసినట్టు చదివుంటే, ఆవిడ గొంతు విని ఉండేవాడు. మాస్టారూ, ఆ బోర్డు తీసేయండి. నేనింక చదవను."

మాస్టారు పొరపాటు తనదని గొణిగారు. అక్క వినిపించుకోలేదు. మేనేజరుగారికి అదే కావాలి, రేపే తీసేయమన్నారు. ఆ గదిలో పనిచేసిన అన్నేళ్ళలో ఒక అప్లికేషన్ ఆగిపోతుందంటే నాకు ఏడుపొచ్చింది అదొక్కసారే.

ఆ మధ్యాహ్నం మాస్టారు భోజనాలు కాగానే వంటింటిని ఆపి కబుర్లను లేపారు, ఆఖరి రోజు కదా అని. సాయంత్రం తొమ్మిదో మంచానికి ఒకే ఒక్క కబురు పడింది. అక్క దాన్ని చూసి, అచ్చు తీసి, కాగితం నా చేతిలో పెట్టింది. "నువ్వు చదువు తల్లీ."

నేను మంచం దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాను. వడ్రంగి ఆ చప్పుడుకే పోల్చుకున్నాడు. "మీరు కంప్యూటర్ గది అమ్మాయి కదా. అక్క లేదా?"

"ఉంది. ఇక్కడే."

"అయితే అక్కనే చదవమనండి."

అక్క వచ్చి కాగితం తీసుకుంది. ఈసారి ఏ గొంతునూ అనుకరించలేదు, తన గొంతుతోనే చదివింది. "అమ్మ పొద్దున పోయింది. బాధపడకుండానే పోయింది. నువ్వు వచ్చి వెళ్ళావు, అది చాలు."

వడ్రంగి అడిగాడు.

"బాధపడకుండా అన్నది అన్న రాసిందేనా, మీరు కలిపారా?"

అక్క కాగితాన్ని అతని అరచేతిలో పెట్టి, అతని వేలిని పట్టుకుని ఆ వరుస వెంట నడిపించింది. "ఇక్కడుంది తమ్ముడూ. అన్నే రాశాడు."

అతను ఆ కాగితం మీంచి వేలు తీయలేదు. "రేపు కూడా మీరే రావాలి అక్కా" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. అక్క దూదితో అతని చెంపలు ఒత్తుతూ పక్కనే కూర్చుంది.