నా ఒంటిమీద నాలుగో నెర్రె

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. వత్తులు రాసేటప్పుడు నా చెయ్యి ఇంకా తడబడుతుంది. ఒక్క పేజీ నింపేసరికి పూట గడిచిపోతుంది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. కింద మాట్లాడేది నేను కాదు, మా ఇంట్లో బియ్యం డబ్బా మీద కూర్చున్న ఒక బొమ్మ. దానికి నోరు లేదు. అందుకని దాని తరఫున నేను రాస్తున్నాను.

నేను ఒక బిల్డింగును. నవ్వకండి. మూరెడు పొడవు, జానెడు ఎత్తు, ఒళ్లంతా అట్ట. అయినా బిల్డింగునే. కర్నూలు సీమలో నల్లరేగడి నేల మీద ఒక కళల కాలేజీ ఉంది. అక్కడ పిల్లలు బొమ్మలు గీసుకోవడానికి, మట్టి పిసుక్కోవడానికి ఒక స్టూడియో కట్టారు. కట్టకముందే, అది ఎలా ఉండబోతుందో పెద్దలకు చూపించడానికి నన్ను చేశారు. అంటే నేను ముందు పుట్టాను, అది తర్వాత పుట్టింది. వరసకు నేను దానికి అక్కను.

నన్ను ఊహించినవారు హైదరాబాదు ఆర్కిటెక్టు సుధన్వ గారు. స్థలం చూడ్డానికి ఆయన మే నెల ఎండలో వచ్చారట. పక్క చేను నెర్రెలు బారి ఉంది. నల్లరేగడి సంగతి తెలిసిందే కదా, వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని కాలు దిగబడేంత నోరు తెరుస్తుంది. ఆయన కారు దిగి, ఆ చేలో మోకాళ్ల మీద కూర్చుని ఫొటోల మీద ఫొటోలు తీస్తుంటే చేనుగల పెద్దాయన దగ్గరికొచ్చాడట.

"ఏం సామీ, ఏమన్నా పారేసుకున్న్యావా?"

"లేదు పెద్దాయనా, ఎంత అందంగా ఉందో చూస్తున్నాను."

"అందమా? వాన ల్యాక పగిలింది సామీ అది."

ఈ కథ సుధన్వ గారి నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ప్రతి మీటింగులో చెప్పేవారు, ప్రతిసారీ అందరూ నవ్వేవారు. పెద్దాయన మాటలో నవ్వడానికి ఏముందో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

ఆయన ఆఫీసులో సుజన అనే అమ్మాయి నన్ను తయారుచేసింది. ఎండిన నేల పెళ్లలుగా విడిపోయినట్టు గదులు, ఆ పెళ్లల మధ్య నెర్రెల్లా వంకర నడవలు, గోడల్లో నెర్రెల ఆకారంలో సన్నటి కిటికీలు. కిటికీ కొసలు చెక్కేటప్పుడు సుజన ఊపిరి బిగబట్టేది. నెర్రె ఎక్కడా ఠక్కున ఆగదు, వెంట్రుకలా సన్నబడి మాయమవుతుంది అని తనలో తను అనుకుంటూ ప్రతి కొసనూ సూదితో దిద్దేది. మట్టిబొమ్మల గది తూర్పు గోడకు ముచ్చటగా మూడు నెర్రెలు పెట్టింది. మూడంటే మూడే.

పునాది గురించి నా ముందు ఎవరూ మాట్లాడలేదు. నన్ను ప్లైవుడ్ పలక మీద జిగురుతో అంటించారు, నాకు పునాదితో పనేముంది? పని ఉన్నది నా చెల్లెలికి. నేల చీలుతుందని కళ్లారా చూసి, ముచ్చటపడి, అదే నేల మీద గోడలు లేపుతున్నామన్న సంగతి మరిచిపోవడం మనుషులకే చేతనవుతుంది. చీమలు కూడా చేయవు.

ప్రారంభం నాడు నన్ను గాజు పెట్టెలో పెట్టి స్టూడియో వాకిట్లో నిలబెట్టారు. ప్రిన్సిపాల్ వేదాచలం గారు మైకు పట్టుకుని, "ఇది బిల్డింగు కాదు, భూమాత చిరునవ్వు" అన్నారు. చప్పట్లు మోగాయి. చీపురుతో వెనక నిలబడ్డ సుంకులమ్మ పక్కనున్న ఆమెతో, "నవ్వంట సూడు. ఈ నవ్వు సూసే గదా మా ఆయన కాడెద్దుల్ని తోలుకుపోయి అమ్ముకొచ్చింది" అంది. ఆ ఆయన ఇప్పుడు లేడు. సుంకులమ్మ కాలేజీలో ఊడ్చే పనిలో ఉండేది.

నా పెట్టె కింద ఇత్తడి పలక మీద 'నెర్రె స్టూడియో' అని పెద్ద అక్షరాలుండేవి. రోజూ ఆ పలక తుడవడం సుంకులమ్మ పని. మట్టిబొమ్మలు చేసే రుబీనా అనే పిల్ల ఆమెకు దాని మీదే అక్షరాలు నేర్పింది.

"ర కింద ఇంకో ర యాల పాపా?"

"ఒత్తి పలకాలవ్వా, అందుకు."

"ఒత్తి పలికితే మాత్రం ఆడ వాన పడుతుందా?"

ఇద్దరూ నా గాజు మీద చేతులాన్చి నవ్వేవాళ్లు. నా బతుకులో మంచి రోజులు ఏవంటే అవే.

మూడో వానాకాలం పోయి ఎండలు ముదిరాక మట్టిబొమ్మల గది తూర్పు గోడలో కొత్త గీత పుట్టింది. పైకప్పు మూల నుంచి బయల్దేరి ఐమూలగా దిగి, సరిగ్గా రుబీనా పని చేసుకునే బల్ల దాకా వచ్చింది. రుబీనా ప్రిన్సిపాల్ గారిని నా ముందే నిలబెట్టి చెప్పింది.

"సార్, గోడ పగిలింది."

"పగిలింది అనకూడదమ్మా. నెర్రె అనాలి. అది డిజైన్."

"నిన్నటిదాకా ల్యాదు సార్."

"నువ్వు చూసి ఉండవు. కళ చూసే కన్ను ఒక్కరోజులో రాదు."

మర్నాటి నుంచి కాలేజీలో పగులు అన్న మాట నోట రాకూడదన్నారు. పిల్లలు ఊరుకుంటారా? క్యాంటీన్‌లో ప్లేటు జారి ముక్కలైతే "పగల్లేదురా, నెర్రెలిచ్చింది" అన్నారు. ఒకడి ఫోను అద్దం చిట్లితే "సుధన్వ సార్ డిజైన్ రా మామా, చేతికి ఫ్రీగా ఇచ్చినాడు" అన్నారు. పరీక్ష తప్పినవాణ్ణి ఎన్ని మార్కులని అడిగితే, "సున్నా కాదప్పా, కిటికీ" అన్నాడు. అందరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల మధ్యే గీత వెడల్పవుతూ వచ్చింది. మొదట్లో కాగితం దూరేది, తర్వాత గీతలోకి రూపాయి బిళ్ల దూరింది. రుబీనా చేసిన మట్టి తలల మీద రోజూ సున్నం పొడి రాలేది.

ఒకరోజు రుబీనా నా గాజుకు ముక్కు ఆనించి అట్టే చూసింది.

"అవ్వా, ఇట్లా రా. ఈ బొమ్మలో తూర్పు గోడకు ఎన్నుండాయి?"

"మూడు."

"లోపల గోడకు?"

"నాలుగు గదా."

"డిజైన్ అయితే ఈడ కూడా నాలుగుండాల గదవ్వా?"

అప్పటిదాకా వచ్చినవాళ్లు నా పక్కన నిలబడి ఫొటో దిగి పోయేవాళ్లు. నన్ను చూసి నిజం తెలుసుకోవాలని ఆలోచించిన మొదటి మనిషి ఆ పిల్ల. నాకు గర్వం కలిగింది. రుబీనా వాళ్ల నాన్న పైకి అర్జీ పెట్టాడు. బిల్డింగును పరీక్షించడానికి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది.

ఆఫీసరు వచ్చే ముందురోజు సుధన్వ గారు వచ్చారు. నన్ను గాజు పెట్టెలోంచి తీయించి ప్రిన్సిపాల్ గారి గదిలో బల్ల మీద పెట్టించారు. నేను సంతోషించాను. కన్నవాడు వచ్చాడు, చెల్లెలికి దెబ్బ తగిలిందని తెలుసుకుంటాడు, దూలాలు ఆనించి పిల్లల్ని బయటికి పంపిస్తాడు అనుకున్నాను. ఆయన జేబులోంచి కాగితాలు కోసే బ్లేడు తీశారు.

"సార్, కొంచెం వంకర పెట్టండి, సహజంగా కనపడాలి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"నాకు చెప్పకండి. ఈ నెర్రెలు కనిపెట్టిందే నేను."

నా తూర్పు గోడ మీద, పైకప్పు మూల నుంచి ఐమూలగా, ఒంట్లోకి దిగేలా కోశారు. అట్టకు నొప్పి ఉండదని మీరనుకుంటారు. ఉండదు, నిజమే. కానీ అవమానం ఉంటుంది. నేను లేనిది చెప్పే రకాన్ని కాదు. నా కొలత కొలతే, నా మూడు మూడే. అబద్ధం ఆడాలనుకుంటే వాళ్లకు నోళ్లున్నాయి, కాగితాలున్నాయి, మైకులున్నాయి. నా ఒంటి మీద ఎందుకు రాయాలి? పైగా ఆ కోత చూడాలి. సుజన సూదితో దిద్దిన మూడింటి పక్కన ఇది కూరగాయల కత్తి గాటులా ఉంది. కొస దగ్గర బ్లేడు జారి ఠక్కున ఆగిపోయింది. నెర్రెలు కనిపెట్టిన మనిషికి నెర్రె గీయడం రాలేదు.

టీ గ్లాసులు తీసుకుపోవడానికి సుంకులమ్మ లోపలికి వచ్చింది.

"ఏం సారూ, బొమ్మను కోస్తాండారు?"

"రిపేరమ్మా, రిపేరు."

"రిపేరు చేయాల్సింది గోడ గదా?"

"గ్లాసులు తీసుకొని పో."

మర్నాడు నన్ను మట్టిబొమ్మల గదిలోకి మార్చాక ఆఫీసరు వచ్చాడు. గోడ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ గోడ చూశాడు. "నాలుగూ నాలుగే ఉన్నాయి. దీనికోసమా నన్ను ఇంత దూరం రప్పించారు?" అని విసుక్కున్నాడు. రుబీనా నా తూర్పు గోడ వైపు వేలు చూపించింది. "ల్యాదు సార్, నిన్న మూడే ఉన్నాయి. ఒట్టు సార్" అంది. ప్రిన్సిపాల్ గారు చిరునవ్వు నవ్వారు. "పిల్లకు పరీక్షల భయం సార్" అన్నారు.

అప్పుడు సుంకులమ్మ చీపురు గోడకు ఆనించి ముందుకొచ్చింది. "సారూ, ఆ నాలుగోది నిన్న ఈ సార్లే కోసినారు. నేను గ్లాసులకు పోయి నా కండ్లతో సూసినా" అంది.

సుధన్వ గారు ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. ఆఫీసరు నా దగ్గరికి వంగాడు. ఇంకొక్క వేలెడు దగ్గరికి వస్తే చాలు. పాత మూడింట్లో దుమ్ము ఉంది, నాలుగోదాంట్లో అట్ట తెల్లగా మెరుస్తోంది. చిన్నపిల్లవాడికి కూడా కనపడుతుంది. ఆయన వంగినవాడు వంగినట్టే లేచి, వాచీ చూసుకున్నాడు.

"నోటిమాట చెల్లదమ్మా. సాక్ష్యం చెప్పాలంటే రాసి సంతకం పెట్టియ్యి."

"ఆమె రాయడమా!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆఫీసరు భోజనానికి వెళ్లిపోయాడు. అంతా డిజైన్ ప్రకారమే ఉందని రిపోర్టు వచ్చింది.

రిపోర్టు వచ్చాక నాతో పని తీరింది. నన్ను గాజు పెట్టెలో తిరిగి పెట్టడానికి వాళ్లకు భయమేసింది కాబోలు, క్యాంటీన్ వెనక విరిగిన కుర్చీల మీద పారేశారు. సుంకులమ్మను పనిలోంచి తీసేశారు. పోతూ పోతూ ఆమె నన్ను చూసింది, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని నన్ను మోసుకొచ్చింది. బస్సులో కండక్టరు, "ఏందవ్వా, ఇల్లు కట్టినావా?" అంటే, "కట్టినోళ్లు పారేసినారప్పా, నేను తెచ్చుకుంటాండా" అంది.

నాకు పారేసినందుకు కోపం లేదు. వస్తువు పుట్టాక ఎప్పుడో ఒకప్పుడు చెత్తలోకి పోవాల్సిందే. నా కోపం వేరు. రుబీనా బల్ల ఇప్పటికీ ఆ గోడ కిందే ఉంది. పక్కకు జరుపుకుంటానంటే ఒప్పుకోలేదట, జరిపితే డిజైన్ మీద నమ్మకం లేనట్టు అవుతుందట. నిన్న ఆ పిల్ల ఫోన్ చేసి, గీతలోంచి బయటి వెలుతురు కనపడుతోంది అవ్వా అని చెప్పింది. చెబుతూ నవ్వింది. ఆ నవ్వు విని సుంకులమ్మకు అన్నం సయించలేదు.

ఆఫీసరు గారూ, రాసియ్యమన్నారు కదా, రాశాం. ఒక కాపీ మీకు పంపిస్తున్నాం, ఇంకొకటి పత్రికలో వేయమని ఇస్తున్నాం. నా ఒంటిమీద నాలుగో గీత బ్లేడుతో కోసింది. గోడ మీద నాలుగోది పగులు. నెర్రె కాదు, డిజైన్ కాదు, చిరునవ్వు కాదు. పగులు. నన్ను పరీక్షించాలంటే నిదానంగా రండి, నేను ఎక్కడికీ పోను. ముందు ఆ గదిలో ఉన్న పిల్లల్ని బయటికి రమ్మనండి. మొగులు పట్టింది, వానకు నేల మళ్లీ ఉబ్బబోతోంది.

ఎర్రగుడి సుంకులమ్మ
వయసు అరవై రెండు
ఇప్పుడు ఉంటున్నది గడివేములలో, మా చెల్లెలి ఇంట్లో