ఇరవై పాయింట్ల కొండల్

కొండల్ బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకున్నది ఇరవై ఆరేళ్ళు. అన్నేళ్ళలో అతను బుట్టలో బంతి వేసింది ఒక్కసారి. అదీ తమ జట్టు కాపాడుకోవలసిన బుట్టలో. సగం ఆట అయ్యాక వైపులు మారతారన్న సంగతి ఆ రోజు అతనికి తట్టలేదు.

మరి జీతం దేనికంటే, కొట్టినందుకు. ఒక మనిషి ఆటలో నాలుగు ఫౌళ్ళు చేసినా ఉండనిస్తారు. ఐదోది చేస్తే బయటికి పంపుతారు. అవతలి జట్టులో ఎవడైనా చెలరేగితే కెప్టెన్ గులాం నబీ బెంచీ వైపు చూసేవాడు. కొండల్ లేచేవాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి వెళ్ళి చెలరేగినవాడి మీద పడేవాడు. విజిల్ ఊదగానే తప్పు నాదేనని చెయ్యెత్తేవాడు. ఐదుసార్లు చెయ్యెత్తి, వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. బడికి వెళ్ళిన మూడేళ్ళలో జవాబు తెలిసి ఒక్కసారీ ఎత్తని చెయ్యి అది.

అసలు ఆటలోకి రావడమే అతని గొప్ప కాదు. కార్వాన్‌లో నిచ్చెన లేకుండా ఒక కిరాణా దుకాణానికి బోర్డు కడుతుంటే, ఒక సర్కారు కంపెనీ కోచ్ చూసి స్కూటర్ ఆపాడు.

"ఆట వస్తదా?"

"రాదు సార్."

"ఫికర్ లేదు. ఎత్తున్నవ్ గదా."

అంతకు మించి ఆయన ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆయనకే మంచిది.

పెళ్ళిచూపుల్లో మాత్రం అడిగారు. శారదమ్మ తండ్రి చాయ్ చేతికిచ్చి, "ఆటల నువ్వేం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు. మనుషులను కిందపడేస్తానని పెళ్ళిచూపుల్లో ఎవడు చెబుతాడు? "మ్యాచుకు ఇరవై పాయింట్లు ఏస్త" అన్నాడు కొండల్. సంబంధం కుదిరింది. ఆనాటి నుంచి పెళ్ళాన్ని గ్రౌండు ఛాయలకు రానివ్వలేదు. హైదరాబాదులో ఉన్న మ్యాచులను కూడా విజయవాడలో ఉన్నాయని చెప్పి వెళ్ళేవాడు.

ఉద్యోగం అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాడు. ఎనిమిదేళ్ళు గడిచాక పాత ఆటగాళ్ళకు ఒక మ్యాచ్ పెట్టారు. అదీ ఇంటికి పది నిమిషాల దూరంలో, బహదూర్‌పురాలో. పాలకు వెళ్ళిన శారదమ్మ గోడ మీద మ్యాచ్ పోస్టర్‌లో మొగుడి బొమ్మ చూసి వచ్చింది.

"నేనొస్తున్న. గల్లీల ఆడోళ్ళను గూడ తోల్కొస్తున్న."

"ఎండ మస్తుంటది."

"ఛత్రి ఉన్నది."

"నాకు మోకాలు నొస్తున్నది."

"ఆడేది చేతులతోని గదా."

ఇక ఈ మ్యాచును ఎక్కడ మార్చగలడు విజయవాడకు?

ఆదివారం పొద్దున శారదమ్మ ఐదుగురు ఆడవాళ్ళతో ముందు వరుసలో ఛత్రి విప్పి కూర్చుంది. పక్కన జూలో సింహం ఒకసారి గుర్రుమంది. కొండల్‌కు అది తనను చూసే అనిపించింది. నిక్కరు వేసుకుని అద్దంలో చూసుకున్నప్పుడు అతని నోటి నుంచీ అలాంటి శబ్దమే వచ్చింది.

అతను నబీ దగ్గరికి వెళ్ళాడు. "భాయ్, ఇయ్యాల జర బంతి నాకియ్యి."

"నీకా? ఏం జేస్తవ్ దాంతోని?"

"ఒక్కటి ఏస్త. ఇంటామె వచ్చింది."

నబీ ముందు వరుస వైపు చూశాడు. అతనికి ఆ ఇరవై సంగతి తెలుసు. "యా అల్లా" అని మాత్రం అన్నాడు.

అవతలి జట్టులో రాధాకృష్ణమూర్తి ఉన్నాడు. రాజమండ్రి నుంచి బ్యాంకు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆ రోజుల్లో ఆయన చెయ్యి తిరిగిన ఆటగాడు. ఆ చేతినే కొండల్ ఎక్కువసార్లు కొట్టాడు.

"నమస్కారమండీ కొండల్ గారూ. ఈ మోచెయ్యి వానాకాలం వస్తే మిమ్మల్నే తలుచుకుంటుందండీ."

"ఎట్లున్నరు సార్" అని తల దించుకున్నాడు కొండల్.

ఆట మొదలైంది. నబీ మాట నిలబెట్టుకుని బంతి ఇచ్చాడు. కొండల్ వేసిన మొదటిది బుట్టకు తగల్లేదు. రెండోది బోర్డుకు తగల్లేదు. మూడోది శారదమ్మ ఛత్రికి తగిలింది. ఆడవాళ్ళు నవ్వారు. శారదమ్మ నవ్వలేదు. అది చూసే అతనికి భయం వేసింది.

ఇంకో నిమిషంలో ఆట అయిపోతుందనగా బంతి మళ్ళీ చేతికొచ్చింది. కొండల్ ఎగిరాడు. ఎగిరాననుకున్నాడు. మడమలు మాత్రం లేచాయి. వెనకనుంచి ఎవరో వచ్చి భుజం మీద పడ్డారు. విజిల్ మోగింది. నేల మీద పడి ఉన్న కొండల్ అలవాటుగా చెయ్యెత్తాడు.

రిఫరీ అద్నాన్, బార్కస్ బస్తీ కుర్రాడు. దగ్గరికొచ్చి, "చాచా, చెయ్యి దించుండ్రి. ఫౌల్ మీది కాదు. మీ మీద జేసిన్రు" అన్నాడు.

కొండల్‌కు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఇరవై ఆరేళ్ళలో అతన్ని ఎవరూ కొట్టలేదు. కొట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

లేవడానికి మూర్తి చెయ్యి అందించాడు. "నా వంతు ఇప్పటికొచ్చిందండీ" అన్నాడు.

రెండు ఫ్రీ త్రోలు. ఎవరూ అడ్డురారు; తక్కినవాళ్ళు పక్క గీతల వెనక నిలబడతారు, బంతి చెయ్యి వదిలేదాకా గీత దాటకూడదు. గీత దగ్గర నిలబడి వెయ్యాలి, పడితే ఒక్కోదానికి ఒక్క పాయింటు. కొండల్ అలవాటుగా పక్క వరుసలోకి వెళ్ళి నిలబడితే, నబీ రెక్క పట్టుకుని తెచ్చి గీత దగ్గర పెట్టాడు.

మొదటిది బోర్డుకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. రెండోది బుట్ట అంచు మీద ఒక చుట్టు తిరిగి, బయటికే పడింది.

విజిల్ మోగింది. "బంతి చేతిల ఉండంగనే మూర్తి సార్ గీత దాటిండు. చాచాకు ఇంకో ఛాన్స్" అన్నాడు అద్నాన్.

"కాలు ముందుకొచ్చేసిందండీ. వయసు కదా" అన్నాడు మూర్తి, ఎటో చూస్తూ.

కొండల్ ఆయన కాళ్ళ వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఎరిగిన కాళ్ళు. గీత దగ్గర అవి ఏనాడూ తప్పలేదు. బంతి వేశాడు. అంచుకు తగిలి, బోర్డుకు తగిలి, ఇక వేరే దారి లేనట్టు లోపల పడింది.

మ్యాచ్ పోయింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

శారదమ్మ మంచినీళ్ళ సీసా అందించింది. "ఒక్కటేనా?" అంది.

వయసు అయిపోయింది గదా అనడం సులువు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ నిజంగా పడినది ఒకటి ఉన్నాక, పడని ఇరవైని ఇంకా మోయడం అతని వల్ల కాలేదు.

"ఒక్కటే. ఆనాడు గూడ ఇరవై లేవు. ఇన్నేండ్లల ఇదొక్కటే."

శారదమ్మ చాలాసేపు ఛత్రి మడిచింది.

"నేను గల్లీల ముప్పై అని చెప్పిన" అంది చివరికి.

"ముప్పయ్యా?"

"ఇరవై అంటే ఎవ్వరు మెచ్చలే. ఇంటికి పోయేదాక నువ్వు నోరు తెర్వకు."

కొండల్‌కు అది కష్టమైన పని కాదు. నోరు మూసుకుని, ఛత్రి పట్టుకుని వెనక నడిచాడు. మలుపు దగ్గర గల్లీ ఆడవాళ్ళలో ఒకామె వెనక్కి తిరిగింది.

"ఏంది బాపు, ముప్పై ఏసేటోనివి, ఇయ్యాల ఒక్కటే ఏసినవ్? తప్పెవరిది?"

కొండల్ చెయ్యెత్తాడు.