అవ్వ పలకని పేరు

మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. మా బాపు పేరు భూమన్న. ఆ పేరు పలికే పని మా ఇంట్లో నాది. అవ్వ తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. రేషన్ కార్డు దగ్గరో, ఆసుపత్రి చీటీ దగ్గరో ఎవరైనా అడిగితే అవ్వ నన్ను ముందుకు తోసేది. నేను చెప్పేదాన్ని. బాపు పోయాక ఆ పని ఏడాదికి ఒక్క రోజుకే మిగిలింది. పెత్రమాస నాడు, చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. ఆయన "ఎవరి పేరు మీద?" అని అడుగుతాడు. మా ఇంట్లో కొడుకులు లేరు కాబట్టి నేనే చెప్తాను. హైదరాబాద్‌లో ఎంత పెద్ద షూటింగ్ ఉన్నా ఆ పూటకు మాత్రం మందమర్రిలో ఉంటాను.

నన్ను తెర మీద చూసినవాళ్లు నేను పుట్టడమే గజ్జెలు కట్టుకుని పుట్టాననుకుంటారు. ఇంటర్వ్యూల్లో నేనే అలా కోతలు కోశాను మరి. నిజానికి నాకు ఆట నేర్పింది మా కాలనీ బతుకమ్మ. బాపు బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం కూడా చేయకుండా గోడ మీద కూర్చుని నా ఆట చూసేవాడు. "నా బిడ్డ కాళ్లు భూమ్మీద ఆగయి" అని పక్కవాళ్లకు చెప్పి మురిసిపోయేవాడు. నాకు పదిహేడేళ్లప్పుడు, డ్యూటీకి పోతూ పోతూ రోడ్డు మీద లారీ కింద పడ్డాడు.

ఆ రోజు అవ్వ బాపు మీద పడి శోకం పెట్టింది. మా వైపు ఆడవాళ్లు చావు దగ్గర ఊరికే ఏడవరు. పోయిన మనిషిని పిలుస్తూ, నిలదీస్తూ, రాగం తీసి ఏడుస్తారు. ఇరవై ఏళ్ల కాపురంలో ఒక్కసారీ అనని పేరును అవ్వ ఆ రోజు గొంతు చించుకుని పిలిచింది. "ఓ భూమన్నా, భూమన్నా, ఎనుకకు తిరిగి సూడవేందయ్యా" అని. కాలనీ అంతా విన్నది. మర్నాటి నుంచి మళ్లీ ఆ పేరు ఆమె నోట రాలేదు.

డిగ్రీ చదవడానికి కరీంనగర్ వెళ్లినప్పుడు ప్రణయ్ పరిచయమయ్యాడు. పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. జానపద పాటల యూట్యూబ్ చానల్ పెట్టి, ఆడే పిల్ల కోసం వెతుకుతున్నాడు. మానేరు ఒడ్డున, మక్కచేలో, ఎవరిదో ట్రాక్టరు మీద నన్ను ఆడించాడు. నేను అన్నా అనేదాన్ని. మా ఇంటికి వస్తే అవ్వ అతనికి మొదటి ముద్ద పెట్టి తర్వాత నాకు పెట్టేది.

పాటలెక్కడివంటారా? ఊళ్లలో ముసలమ్మలవి. నాట్లేసే చోటికి వెళ్లి, వాళ్లతో పాటు నాలుగు సాళ్లు నాటి, మెల్లగా మాటల్లో పెట్టి, ఫోన్ ఆన్ చేసి గట్టు మీద పెట్టేవాళ్లం. హుజూరాబాద్ దగ్గర బాలవ్వ అనే ఆమె, చిన్నప్పుడే పోయిన చెల్లెలి మీద కట్టుకున్న పాట పాడింది. మేము దానికి దరువు పెంచాం, నేను నడుము తిప్పాను. కోట్ల మంది చూశారు. కింద "సేకరణ: ప్రణయ్" అని పడింది. ఆ వీడియో బాలవ్వకు చూపించాలని కూడా మాకు తోచలేదు. ఆ పాటే నన్ను సినిమాల్లోకి తీసుకుపోయింది.

మొదట్లో హీరోయిన్ వెనక ఆడే పదిమందిలో ఒకదాన్ని. తర్వాత హీరోయిన్ స్నేహితురాలిని. ఆ తర్వాత రెండేళ్లు ఒక సీరియల్లో కోడలిని. చివరికి ప్రణయే డైరెక్టరయ్యి, బొగ్గుబాయి కథ రాసుకుని, "హీరోయిన్ నువ్వే" అన్నప్పుడు, నేను ఫోన్ పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆ ఏడుపు కెమెరా ముందు మాత్రం రాలేదు. భర్త శవం మీద పడి ఏడ్చే సీను. పదకొండు టేకులు చేశాను.

"నువ్వు ఏడుస్తలేవు జమునా, ఏడుపును ఆడుతున్నవ్," అన్నాడు ప్రణయ్. "చేతులు తాళం తప్పుతనే లేవు."

నిజమే. అవి డాన్సర్ చేతులు. షూటింగ్ ఆపించి మందమర్రి వచ్చి అవ్వను అడిగాను.

"శవం లేని ఇంట్ల శోకం పెడ్తరా? పిచ్చి లేసిందా నీకు?" అని కసిరింది.

రెండు రోజులు కాళ్లావేళ్లా పడ్డాను. మూడో రోజు పొద్దున తనే చెప్పులేసుకుని "పా" అన్నది. బాపును కాల్చిన చోటికి తీసుకుపోయింది. రికార్డు చేయడానికి నేను ఫోన్ తీశాను.

"ఏడ్సుడు నేర్చుకో. మాటలు మాత్రం నాయి. గవి సిన్మల పెట్టద్దు. నేర్చుకున్నంక ఫోన్లకెల్లి తీసెయ్," అన్నది.

"బాపు మీద ఒట్టు," అన్నాను.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది, కాసేపటికి కొంగు జారిపోయింది. పదకొండేళ్ల తర్వాత ఆ పేరు ఆమె నోట మళ్లీ విన్నాను.

సెట్లో మళ్లీ చేతులు మొండికేశాయి. భయమేసి ఫోన్ ప్రణయ్ చేతిలో పెట్టాను. "నువ్వొక్కనివే ఇను అన్నా. ఇది బయటికి పోవద్దు." అతను విన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, "అవ్వ నాకు మాత్రం అవ్వ కాదా?" అన్నాడు. ఆ గొంతు నా చెవిలో వినిపిస్తూ కెమెరా నడిపాడు. ఒక్క టేకుకే సీను వచ్చింది. యూనిట్ అంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను ఆ చప్పట్లలో తేలిపోయాను. ఫోన్ సాయంత్రం దాకా అతని దగ్గరే ఉండిపోయింది.

తర్వాతి వారం పెళ్లి ఊరేగింపులో వచ్చే బారాత్ పాట తీశారు. మధ్యలో ఒకచోట మాటల్లేవు, డప్పులే ఉన్నాయి. "అక్కడ ఆడగొంతు వస్తది, తర్వాత పెడ్తం," అన్నాడు ప్రణయ్. ఆ చోట నేను తల వెనక్కి వేసి మూడుసార్లు గిర్రున తిరగాలి. బాగా తిరిగాను కూడా.

పాట విడుదలైన రోజే కరీంనగర్‌లో మా చిన్నమ్మ బిడ్డ పెళ్లి. పని హడావిడిలో నేను పూర్తి పాట ఇంకా వినలేదు. నాలుగింటికి ఫంక్షన్ హాలు ముందు బారాత్ మొదలైంది. డీజే అతను నన్ను చూడగానే "అక్కా, నీ పాట!" అని కేక పెట్టాడు. అవ్వ నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది. సినిమా పాటకు నేను ఆడడం ఆమె కళ్లెదుట అదే మొదటిసారి. ఆమెకు చూపించాలనే ఆడాను. ఆమె వైపు తిరిగి నవ్వాను.

డప్పులు ఆగాయి. సౌండు పెట్టెల్లోంచి అవ్వ గొంతు వచ్చింది. "ఓ భూమన్నా, భూమన్నా."

వెక్కిళ్లను కత్తిరించి దరువుకు సరిపెట్టారు. ఊపిరి అందక ఆగిన చోట ఈల పెట్టారు. నా చెవులు గుర్తుపట్టేలోగా నా కాళ్లు మూడు చుట్లూ తిరిగేశాయి. తేరుకుని చూస్తే, పిల్లలంతా చేతులు పైకెత్తి "భూమన్నా, భూమన్నా" అని ఎగురుతున్నారు. పెళ్లికొడుకు కూడా ఎగురుతున్నాడు. అవ్వ కుర్చీ ఖాళీగా ఉంది.

బస్టాండు వైపు నడిచిపోతుంటే పరుగెత్తి పట్టుకున్నాను.

"నేనియ్యలే అవ్వా."

"ఫోన్ నీది గాదా?" అన్నది. ఆ తర్వాత బస్సెక్కేదాకా నా వైపు చూడలేదు.

అక్కడే రోడ్డు మీద నిలబడి ప్రణయ్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను అంతా విన్నాడు.

"జర సల్లవడు. జానపదం అని ఏసినం గదా," అన్నాడు.

"అది జానపదం గాదు. మా అవ్వ ఏడ్పు."

"బాలవ్వది గూడ ఏడ్పే గదా జమునా. దానికి నువ్వు నడుము తిప్పలేదా? అప్పుడు గీ ఫికర్ ఏడవోయింది?"

పాట తీసేయించమని మాత్రం మళ్లీ మళ్లీ అడిగాను. సరేనని చివరికి మాటిచ్చాడు. తీసేయలేదు. అతని మీద నా కోపం ఇవాళ్టికీ తగ్గలేదు, తగ్గదు. అవ్వ పెట్టిన మొదటి ముద్ద తిన్నవాడు ఆ పని చేశాడు. కానీ ఆ ఫోన్ అతని చేతిలో పెట్టింది నేనే. అంతేనా, సినిమా విడుదలకు ముందు కరీంనగర్‌లో పెద్ద సభ పెట్టారు. స్టేజీ మీద ఆ పాటకు ఆడమన్నారు. అగ్రిమెంటు ఉంది, ముందు ముందు అవకాశాలున్నాయి, వేల మంది ఎదురుగా ఉన్నారు. ఆడాను. ఈ మాట నేను ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు.

సినిమా బాగా ఆడింది. ఏడ్చే సీను చూసి అందరూ నన్ను మహానటి అన్నారు. అవ్వ ఫోన్ ఎత్తడం మానేసింది.

పెత్రమాస వచ్చింది. పొద్దున్నే మందమర్రి చేరాను. అవ్వ తలుపు తీసింది, చాయ్ పోసి తన పనిలో పడింది. నేను చేటలో బియ్యం పోసి, పైన సొరకాయ, చింతపండు, ఆకుకూర సర్ది పట్టుకున్నాను. ఈ ఒక్క పని నాకు ఉంటుందనే ధైర్యంతో వచ్చాను. ఆ పేరు నేను పలకకపోతే ఇంకెవరు పలుకుతారు?

అయ్యగారు వచ్చి చాప మీద కూర్చున్నాడు. బయట సాయంత్రం బతుకమ్మ కోసం సౌండు పెట్టెలు బిగిస్తున్నారు. పరీక్షించడానికి ఎవరో ఆ పాటే పెట్టారు. అయ్యగారు వీధి వైపు ఓసారి విసుగ్గా చూసి, నా వైపు తిరిగాడు.

"ఎవరి పేరు మీదమ్మా?"

నేను నోరు తెరిచాను. అవ్వ చెయ్యి నా మోచేతి మీద పడింది.

"నువ్వనకు," అన్నది.

కొంగు తల మీదికి లాక్కుని నా ముందుకు వచ్చింది.

"ఊరంత అంటున్నరు అయ్యగారూ. ఇగ నేనంటే ఏమైతది?" అని, "భూమన్న" అన్నది.

బయట పిల్లలు ఆ పేరునే అరుస్తున్నారు. అవ్వ గొంతు వణకలేదు. నా చేతుల్లోంచి చేట కూడా తీసుకుని, తనే అయ్యగారి ముందు పెట్టింది.