గంట వినిపించినంత దూరం

దేవవ్వ ఇల్లు ఊరి చివర, గోదావరి గట్టు మీద ఉంది. గడపలో కూర్చుంటే నది కనిపించదు. తుమ్మలూ ఈతపొదలూ అడ్డం. కనిపించకపోవడమే మేలని ఆమె అనుకునేది. కాని గంట మాత్రం వినిపించాలి. అది కర్రెగాడి మెడలో కట్టిన ఎద్దుగంట.

కర్రెగాడంటే కుక్క. ఒళ్లంతా నలుపు, ఒక్క ముందుకాలు మాత్రం పాలలో ముంచి తీసినట్టు తెలుపు. కొడుకు కొమురెల్లి చేపలకు పోయిన ప్రతిసారీ ఆ కుక్కను వెంట తీసుకుపోవాలి, దాని మెడకు గంట ఉండాలి. ఆ షరతు మీదే దేవవ్వ కొడుకును నీళ్లకు పోనిచ్చింది.

ఊరికే పెట్టిన షరతు కాదు అది. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఎండాకాలంలో ఆమె పెనిమిటి మొండయ్య పెద్దమడుగుకు చేపలకని పోయాడు. ఎండాకాలం బెస్తవాళ్లు రెండేసి రోజులు ఇసుకలోనే పడుకుని వలలు వేసుకోవడం మామూలే కనుక, మొదటి రోజు రాకపోతే దేవవ్వ ఏమీ అనుకోలేదు. రెండో రోజు వస్తాడని అన్నం వండి, చింతచిగురు పప్పు చేసి మూత పెట్టింది. మూడో రోజూ వండింది. నాలుగో పొద్దున నలుగురు మనుషులు మోసుకొచ్చారు. ప్రాణం పోయింది మొదటి రోజే అన్నారు చూసినవాళ్లు.

చావు ఒక ఎత్తు, ఆ మూడు రోజుల వంట ఒక ఎత్తు. మనిషి నీళ్ల అడుగున ఉండగా, ఇంట్లో తను పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూసింది. ఆ సంగతి తలచుకుంటే పన్నెండేళ్లయినా దేవవ్వకు ముద్ద దిగదు. అప్పటినుంచి ఆమె నది మొహం చూడలేదు. పండగకు ఊరంతా గోదారి స్నానానికి కదిలితే, ఆమె బావినీళ్లే తలమీద పోసుకుంది.

అయినా బెస్తింట పుట్టినవాడు ఎన్నాళ్లు ఒడ్డున ఉంటాడు? ఇరవై నిండేసరికి కొమురెల్లి తండ్రి వల దించి బాగు చేసుకున్నాడు.

"పోతె పో బిడ్డ. కర్రెగాన్ని తీస్కపో. నీకేమన్న అయితె ఉరికొచ్చి చెప్తది," అంది దేవవ్వ.

"కుక్క ఏం చెప్తదే అవ్వా? గదేమన్న డప్పు కొట్టెటోడా?"

"అది ఒక్కతే ఇంటికొస్తె నాకు సమజైతది. మెడకు గంట కడ్త. గంట మోగినంతసేపు నువ్వున్నట్టు. నాకు గంతే సాలు."

మొదటి నాలుగు రోజులు కొమురెల్లి ఉత్త చేతులతో వచ్చాడు. గంట చప్పుడుకు చేపలు నిలవడం లేదు, తోటివాళ్లు నవ్వుతున్నారు. "లేవుండ్రిర చేపలూ, అయ్యగారు పూజకొచ్చిండు!" అని ఒకడు. "హారతి పట్టినంక వల ఇసురుతవా, ముందా?" అని ఇంకొకడు. ఇంటికొచ్చి కొడుకు మొరపెట్టుకుంటే దేవవ్వ వినలేదు. ఐదో రోజు నుంచి అతను ఆ మాట ఎత్తడం మానేశాడు. బుట్టలో చేపలు కూడా రాసాగాయి. దేవుడు దారి చూపాడనుకుంది తల్లి.

అలా రెండేళ్లు గడిచాయి. పొద్దున కొడుకు గట్టు దిగాక కాసేపటికి గంట మొదలయ్యేది. ఒకసారి గలగలా, ఒకసారి ఆగి ఆగి. దాన్ని వింటూ దేవవ్వ ఇల్లు అలికేది, బియ్యం చెరిగేది. గంట వినిపించనంత దూరం మాత్రం ఆమె అడుగు పెట్టలేదు. చేపల బుట్ట ధర్మపురి అంగడికి పక్కింటి సారక్కే ఎత్తుకుపోయేది. భైంసాలో చెల్లెలి బిడ్డ పెళ్లికి పిలుపొస్తే దేవవ్వ చీర మాత్రం పంపింది. అవతలి వాకిట్లో ఆడవాళ్లు కూడి వడ్లు దంచుతుంటే, రోకళ్ల చప్పుడులో గంట వినపడదని అక్కడికీ పోదు. పిలిచి పిలిచి వాళ్లూ మానేశారు.

ఒక్క సారక్క మాత్రం వచ్చి పలకరించేది. ఒకరోజు బుట్ట విప్పి చూసి, "అక్కా, గీ వాలుగ చూసినవా? మూరెడున్నది! గట్టు కింద మోకాల్లోతు నీళ్లల్ల గిట్లాంటియి పడతయానే? నీ కొడుకు మంత్రమేమన్న నేర్సిండా ఏంది?" అంది.

"వాని చెయ్యి మంచిది," అంది దేవవ్వ. ఏ చేప ఏ నీళ్లలో ఉంటుందో ఆమెకు తెలియక కాదు. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. కాని గంట గట్టు కిందే వినిపిస్తోంది కదా, ఇంక ఆలోచించేది ఏముంది?

మాఘమాసంలో ఒకనాడు, పొద్దు నడినెత్తికి రాకముందు, గంట కొట్టుకోవడం వేరుగా వినిపించింది. ఆగకుండా, పిచ్చి పట్టినట్టు. దేవవ్వ చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడింది. గంట ఇంకా గట్టిగా మోగి, ఠక్కున ఆగిపోయింది.

చేట ఎక్కడ పడిందో ఆమెకు తెలియదు. పన్నెండేళ్లుగా దిగని గట్టు ముళ్లు తొక్కుకుంటూ దిగింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. దేవవ్వకు కీడు ఎంచడం అయ్యేది గాని, మేలు దాకా ఎప్పుడూ పోలేదు. ఆ పూట ఇసుకలో పడుతూ లేస్తూ, అప్పుడే కొడుకును పాడె మీద చూసేసింది.

ఒడ్డున ఒక తుమ్మచెట్టు కింద కర్రెగాడు ఉన్నాడు. మెడకు తాడు, తాడు చెట్టుకు. తిరిగి తిరిగి తాడంతా మొద్దుకు చుట్టుకుపోయి, మెడ చెట్టుకు ఆనుకుని, నాలుక బయటికొచ్చి ఉంది. దేవవ్వ ఏడుస్తూనే తాడు విప్పింది. కుక్క ఊపిరి తీసుకుంది. గంట ఒక్కసారి మోగింది.

అప్పుడు ఆమె నేల చూసింది. చెట్టు చుట్టూ తాడు పొడవున గుండ్రంగా గాడి పడి ఉంది, గానుగెద్దు తిరిగిన చోటులా. ఒక రోజుతోనో ఒక నెలతోనో పడే గాడి కాదు. ఈగలు ముసిరితే తల విదిలించి, ఆకలైతే గుంజుకుని, విసుగొస్తే చుట్టూ తిరిగి, ఈ కుక్క రెండేళ్లుగా ఇక్కడే గంట మోగించింది. తను ఇంట్లో దాన్ని విని ధైర్యంగా బియ్యం చెరుక్కుంది.

మరి కొడుకు? సద్దిమూట కొమ్మకు వేలాడుతోంది. మనిషి లేడు, వల లేదు.

"కర్రెగా, పో! ఏడున్నడో చూపియ్యి. పో నాయనా!"

కర్రెగాడు నీళ్ల దాకా పోయి కడుపునిండా తాగాడు. ఇసుకలో పొర్లాడు. లేచి చెవి గోక్కున్నాడు. ఎప్పుడూ వెంట పోతే కదా వాడికి దారి తెలిసేది!

ఇక తానే పోవాలి. ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పనవసరం లేదు. మూరెడు వాలుగలు ఎక్కడ పడతాయో ఆ చేపలే రెండేళ్లుగా చెబుతున్నాయి. ఆమె బండల మీదుగా, నది వంపు తిరిగేదాకా నడిచింది. పెద్దమడుగు దగ్గర కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి.

నల్లబండల నడుమ నీళ్లు కదలకుండా ఉన్నాయి. నడిమధ్యన తెప్ప మీద కొమురెల్లి ఉన్నాడు.

బతికే ఉన్నాడు. దేవవ్వ బండ చాటున కూలబడింది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. నీళ్ల మీదున్నవాణ్ని పేరుపెట్టి పిలవకూడదని అత్త చెప్పిన మాట గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది.

కొమురెల్లి వల విసిరాడు. అది గాలిలో గొడుగులా విచ్చుకుని, చప్పుడు లేకుండా నీళ్ల మీద వాలింది. ఇంట్లో తల వంచుకుని అన్నం తిని, అడిగినదానికి ఆఁ, ఊఁ తప్ప పలకనివాడు, ఇక్కడ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. వల లాగి, తెప్పను ఒక బండ దగ్గరికి తోసి, రెండు బీడీలు ముట్టించాడు. ఒకటి నోట్లో పెట్టుకుని, ఒకటి బండ మీద పెట్టాడు.

"కొసకు రాళ్లు తల్గుతున్నయ్ బాపూ, వల చినుగుతున్నది," అన్నాడు.

నిశ్శబ్దమైన నీళ్ల మీద మాట ఎంత దూరమైనా వస్తుంది. దేవవ్వకు ప్రతి అక్షరం వినిపించింది.

"అవ్వ మంచిగనే ఉన్నది," అన్నాడు కాసేపాగి. "ఇంట్ల కూసున్నది. గంట ఇనుకుంట."

ఆ తర్వాత చిన్నగా నవ్వాడు. అది ఎగతాళి నవ్వో, జాలి నవ్వో తల్లికి తెలియలేదు. తండ్రి గురించి ఈ పన్నెండేళ్లలో వాడు ఇంట్లో ఒక్క మాట అడగలేదు. మరిచిపోయాడని అనుకుంది. అడిగితే తను తట్టుకోలేదని వాడు ఊరుకున్నాడని, అప్పుడు, ఆ బండ చాటున తెలిసింది. ఇద్దరే మనుషులున్న ఇంట్లో వాడు మాట్లాడుకోవడానికి ఇంత దూరం, ఈ నీళ్ల దాకా వస్తున్నాడు.

ఆమె వచ్చిన దారినే తిరిగి నడిచింది. కర్రెగాడు ఎటూ పోలేదు. మళ్లీ చెట్టు కిందికొచ్చి, ఆ గాడిలోనే పడుకుని, కట్టెయ్యమన్నట్టు చూస్తున్నాడు. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి చర్మం కాయ కట్టి ఉంది. దేవవ్వ ఆ మెడను నిమిరింది. గంట విప్పి కొంగులో చుట్టుకుంది. తాడు అక్కడే పడేసి, కుక్కను వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది.

తాను చేసిన పని ఏమిటో ఆమెకు అప్పుడు తట్టలేదు. పొద్దు వాలుతుండగా తట్టింది.

ముందు గట్టు కింద నుంచి కేక వినిపించింది. "అవ్వా! అవ్వా! నేనున్ననే!"

వాకిళ్లలో ఉన్న జనం తలలెత్తారు.

"నేను మంచిగనే ఉన్ననే అవ్వా! ఏంగాలే! నేనున్ననే!"

కొమురెల్లి గట్టు ఎక్కి పరుగెత్తుకొస్తున్నాడు. వల లేదు, బుట్ట లేదు, తలగుడ్డ కూడా లేదు. చెట్టు దగ్గర కుక్క లేకపోయేసరికి, అది ఒంటరిగా ఇంటికి పోయిందనీ, దాన్ని చూసి తల్లి గుండె ఆగిపోయి ఉంటుందనీ అనుకున్నాడు. గడపలో కూర్చున్న తల్లినీ, ఆమె కాళ్ల దగ్గర పడుకున్న కుక్కనూ చూసి, వాకిట్లోనే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. ఆ మొహం చూసి దేవవ్వ ఉలిక్కిపడింది. పన్నెండేళ్లుగా తను మోస్తున్న మొహమే అది.

"కూసో బిడ్డ. నీళ్లు తాగు," అంది.

తాగాడు. ఊపిరి నిలదొక్కుకున్నాక అడిగాడు. "నువ్వొచ్చినవా ఆడికి?"

"వచ్చిన."

"ఎంత దాంక?"

"మడుగు దాంక."

కొమురెల్లి చెంబు కింద పెట్టాడు. "పిలువకపోతివి," అన్నాడు.

"నీళ్ల మీదున్నోన్ని పిలుస్తరార?" అని, కుక్క మెడ మీద చెయ్యి వేసింది. "ఎన్నటి సంది కట్టేస్తున్నవ్ దీన్ని?"

"ఐదో దినం సంది."

"దీని మెడ చూసినవా?"

"దినాం చూస్తనే ఉన్న. నువ్వు రంది పడొద్దనే గద."

"నా రందికి దీని మెడ కోస్తివి గదరా."

కొమురెల్లికి కోపం వచ్చింది. "మరి ఏం జెయ్యమంటవ్? ఎన్ని తీర్ల చెప్పిన నీకు? ఇంటివా? గంట గంట అంటివి. గంట ఇచ్చిన."

అది నిజమేనని దేవవ్వకు తెలుసు. లోపలికి పోయి పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చింది. తిను అంది. కొడుకు తింటున్నంతసేపూ కర్రెగాడి మెడకు పసుపూ నూనే పట్టించింది.

"రేపటి సంది గంట లేదు," అంది చివరికి. "దీన్ని కట్టెయ్యకు. తెప్ప మీద ఎక్కించుకపో. మాట్లాడెతందుకు ఒక పానముంటది."

కొమురెల్లి నోటిలో ముద్ద ఆగింది. తల్లి ఏం విన్నదో అతనికి అర్థమైంది. ఇద్దరూ ఆ మాట అక్కడితో వదిలేశారు.

"నువ్వెట్లుంటవే మరి?" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"ఉంట తియ్యి."

మర్నాడు పొద్దున కర్రెగాడు అలవాటు కొద్దీ తుమ్మచెట్టు కిందికే పోయి నిలబడ్డాడట. కొమురెల్లి ఈల వేస్తే నమ్మలేక రెండుసార్లు వెనక్కి చూసి, తర్వాత వెంట నడిచాడట. ఇదంతా దేవవ్వ సాయంత్రం వినబోయే సంగతి. ఆ పొద్దున మాత్రం ఆమెకు ఏమీ తెలియదు. గడపలో కూర్చుంది. గట్టు కింద చప్పుడు లేదు. అవతలి వాకిట్లో రోకళ్లు మొదలయ్యాయి. ఎవరింట్లోనో పసిపిల్ల ఏడుస్తోంది. మూడుసార్లు లేచి గట్టు దాకా పోయి, మూడుసార్లూ తిరిగొచ్చి కూర్చుంది.

సారక్క నెత్తిన తమ ఇంటి చేపల బుట్టతో వచ్చింది. "ఏందక్కా, ఇయ్యాల గంట సప్పుడే లేదు? పిలగాడు పోలేదా ఏంది?"

"పోయిండు."

"మరి?"

"గంట తీసేసిన." దేవవ్వ లేచింది. "అంగడికేనా? ఆగు, నేను గూడొస్త."

సారక్క బుట్టలో సగం చేపలు ఇంకో బుట్టలోకి దించి ఆమె నెత్తిన పెట్టింది. ఇద్దరూ ధర్మపురి బాట పట్టారు. సారక్క దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది, దేవవ్వ ఊకొడుతూనే ఉంది. ఊరు దాటారు, మక్కచేలు దాటారు. కబురుతో ఎవరైనా వెనకనుంచి పరుగెత్తుకొస్తే ఆ అడుగుల చప్పుడు వినిపించాలని, దేవవ్వ మాత్రం తన చెప్పులు విప్పి చేతపట్టుకుని, మెత్తగా నడుస్తోంది.