వేలెత్తని పొరుగువాడు

వెండల్ ప్రోకోప్ తెల్ల ట్రక్కు కంకరరోడ్డెక్కితే చాలు, కెనడాలోని మా సస్కాచివాన్ పల్లెల్లో ఫోన్లు మోగుతాయి. ఒకామె హడావిడిగా ముళ్ళగడ్డి పీకుతుంది. ఒకాయన చక్రాల్లేని కారు మీద టార్పాలిన్ కప్పుతాడు. మున్సిపాలిటీ నిబంధన మీరినవాళ్ళకి నోటీసు చేతికివ్వడం వెండల్ ఉద్యోగం. మనిషి నెమ్మదస్తుడే. అయినా అతను వస్తుంటే వాళ్ళమ్మ కూడా ఎందుకొస్తున్నాడా అని కిటికీలోంచి చూసేది.

ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తేనే అతను కదలాలి. చేసిందెవరో మాత్రం చెప్పకూడదు. అందుకని ఏ గుమ్మంలో నోటీసు పడినా, చుట్టుపక్కల అందరికీ అందరి మీదా అనుమానం పుడుతుంది.

ఆ మే నెలలో నోటీసు ఒరీసియా హవ్రిష్కోకి వచ్చింది. భర్త పోయాక ఆవుల్ని ఒంటిచేత్తో సాకుతున్న మనిషి. ఆమె పశువుల కొట్టం నడుస్తుంది. ఏటా మంచు కరగడం మొదలవగానే కాస్త జరిగి, ఎండ తగిలేచోట నిలబడుతుంది. ఆమె మామగారి కాలం నుంచీ అంతే. ఆవులకి అలవాటే, అది ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి పాలిస్తాయి. ఈసారి మాత్రం కొట్టం రోడ్డు వైపు జరిగి, రోడ్డుకి వదలాల్సిన జాగాలోకి వచ్చేసింది.

"జూన్ ఆఖరుకల్లా వెనక్కి లాగించాలమ్మా. లేకపోతే కూల్చేస్తారు," అన్నాడు వెండల్.

"కొట్టం పోతే ఆవుల్ని అమ్ముకోవాలి. ఆవులు లేకపోతే నాకిక్కడ ఏం పని?" అంది ఒరీసియా. "ఎవరయ్యా చెప్పింది?"

"చెప్పకూడదమ్మా."

"వద్దులే. నాకు తెలుసు."

గడప తొక్కిన ప్రతివాడికీ కాఫీ పోసే మనిషి ఆ రోజు కాఫీ మాటే ఎత్తలేదు.

ఆమెకి తెలిసిందెలాగంటే, మా రోడ్ల మీద ఎదురుపడ్డ ప్రతి బండికీ స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తాలి. చెయ్యంతా ఊపితే పట్నంవాడు. వేలెత్తితే మనవాడు. ఏదీ చెయ్యకపోతే మనసులో ఏదో ఉందన్నమాట. నోటీసుకి ముందురోజే పొరుగు రైతు ఏబ్ థీసెన్ ఆమెకి ఎదురొచ్చాడు. మొహంలోకి చూశాడు. వేలు మాత్రం కదల్లేదు. ఆమె భర్త శవపేటిక మోసిన చెయ్యి అది. ఫిర్యాదు చేసింది వీడేనని ఒరీసియా తేల్చేసుకుంది.

మర్నాటి నుంచి ఆమె వేలూ లేవలేదు. ఏబ్‌కి పంపే గుడ్లు ఆగిపోయాయి. దాంతో అతను, తన చేలో కలుపు గురించి పోయినేడు ఫిర్యాదు చేసింది ఈవిడే అయ్యుంటుందని తీర్మానించుకున్నాడు. కొట్టాన్ని లాగగల పెద్ద ట్రాక్టరు ఆ దరిదాపుల్లో ఏబ్ దగ్గరే ఉంది. కూలిపోతే కూలిపోనీగానీ వాణ్ణి అడగనంది ఒరీసియా.

అసలు సంగతి వెండల్‌కి తెలుసు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే తిండి సహించడం లేదు.

గడువు ముగిసే వారం, పొద్దున్నే పాలబిందెతో వెళ్ళిన ఒరీసియాకి రోడ్డు పక్కన కొట్టం కనబడలేదు. పెరడంతా దాటి, కంచె తొక్కి, సగం మేర ఏబ్ ఆవాల చేలో నిలబడి ఉంది. దాని తలుపు సరిగ్గా ఏబ్ వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది. ఆవులు అప్పటికే లోపలికెళ్ళి అరుస్తున్నాయి. పాల వేళ పంతాల కోసం ఆగదు కదా. తిట్టుకుంటూనే వెళ్ళింది.

ఏబ్ బయటికొచ్చాడు. ఎడమచేతి వేళ్ళన్నీ కలిపి కట్టుకట్టి ఉన్నాయి.

"ఏమైంది చేతికి?" అంది, అడక్కూడదనుకుంటూనే.

"గేటులో నలిగింది, మే మొదట్లో. ఇంకా మానలేదు."

ఒరీసియా రోజులు లెక్క వేసుకుంది, రోడ్డు మీద ఎదురుపడింది ఆ తర్వాతే. "కుడిచెయ్యి ఉందిగా, అదెత్తొచ్చుగా?"

"అది గేరు మీదుంది. ఏం, నేను వేలెత్తలేదనా గుడ్లు మానేశావు?"

ఆమె జవాబు చెప్పేలోగా తెల్ల ట్రక్కు ఆగింది. వెండల్ రోడ్డు నుంచి టేపు పట్టి కొలిచాడు. "రోడ్డు గొడవ తీరిపోయింది. కూల్చక్కర్లేదు. కానీ ఏబ్, కొట్టం నీ చేలోకొచ్చింది. అదీ తప్పే. నువ్వు ఫిర్యాదు చేస్తే మాత్రం..."

కొట్టం నీడలో నిలబడి ఏబ్ అటూ ఇటూ చూశాడు. "ఏ కొట్టం? నాకేం కనబడ్డం లేదే."

ఒరీసియా వెండల్ వైపు తిరిగింది. "మరి ఇతను కాకపోతే ఇంకెవరు చెప్పారు? నేనైతే మార్చిలో ఆఫీసుకి ఫోన్ చేసి, కొట్టం రోడ్డు దగ్గరికొచ్చింది, మంచు తీసే బండి తగుల్తుందేమో చూసుకోమన్నాను, అంతే..."

అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెండల్ టేపు చుట్టుకోవడంలో మునిగిపోయాడు. "చెప్పకూడదమ్మా," అన్నాడు నేల చూస్తూ.

 ఒరీసియా సిగ్గుతో తల దించుకునే ఇంట్లోకెళ్ళి ముగ్గురికీ కాఫీ తెచ్చింది, వేడి పాలు పోసి.

వెండల్ బయల్దేరాడు. ట్రక్కు గేటు దాటుతుంటే ఒరీసియా బిందె కిందపెట్టి, చూపుడువేలు ఎత్తింది. తెల్ల ట్రక్కుకి ఆ మర్యాద ఎవరూ చెయ్యరు. వెండల్ అద్దంలో చూశాడు, తన వెనకాల ఇంకేం బండి వస్తోందా అని.