రసీదక్క

విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంక్షేమ విభాగం పరిపాలనా భవనం కింది అంతస్తులో ఉంటుంది. తలుపు తీయగానే ఎదురయ్యే కౌంటరులో కూర్చోవడానికి గుమాస్తాలెవరూ ఇష్టపడరు. వచ్చిన ప్రతివాళ్ళకీ సమాధానం చెప్పాలి, ఆపైన లోపలి గదిలోని అధికారి చేత చీవాట్లు తినాలి. అలాంటి సీటును ఒకామె కాగితం పెట్టుకుని మరీ అడిగి తీసుకుంది. అంతకు ముందు ఆరేళ్ళు అడ్మిషన్ల విభాగంలో పనిచేసింది. నెమ్మదైన మనిషి, నోట్లో నాలుక లేదు అని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. ఈ సీటు ఎందుకు కోరుకుందో ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ విభాగాన్ని ఏలుతున్న అధికారిని కుర్చీలోంచి దించడానికే ఆమె వచ్చింది.

ఆయన్ని అందరూ వెల్ఫేర్ సారు అంటారు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చోవడం, ఏడాదికొకసారి నివేదిక చదివి చప్పట్లు కొట్టించుకోవడం ఆయనకు బాగా తెలిసిన పనులు.

పన్నెండేళ్ళ కిందట ఆమె చెల్లెలు ఇక్కడే మొదటి సంవత్సరంలో చేరింది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల ఆమే. అక్క అప్పటికి ఒక వకీలు దగ్గర టైపు కొడుతూ, ప్రైవేటుగా పరీక్షలకు కట్టుకునేది. రెండో నెలకల్లా చెల్లికి పాఠాలు అంతుచిక్కడం మానేశాయి. నిద్ర పట్టేది కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలిపోతున్నట్టుండేది. ఇలాంటి వాళ్ళకోసం విడిగా పాఠాలు చెప్పే సీనియర్లు ఉంటారనీ, మనసు విప్పి మాట్లాడటానికి కౌన్సెలర్ ఉంటారనీ గోడ మీద చదివి సంక్షేమ విభాగానికి వెళ్ళింది. కౌన్సెలర్ సెలవులో ఉన్నారన్నారు. ఫారం మీద శాఖాధిపతి సంతకం కావాలన్నారు. సంతకంతో వెళితే ఫారం మారిపోయిందన్నారు. అలా కాళ్ళరిగేలా తిప్పించి, చివరిరోజు నలుగురు గుమాస్తాల ముందు వెల్ఫేర్ సారు అన్నాడు, “చదువు ఎక్కకపోతే ఇంటికి పోవచ్చుగా. ఆ సీటు ఇంకొకళ్ళకి పనికొస్తుంది.”

చెల్లి ఆ వారమే ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఏ పరీక్షా రాయలేదు. ఇప్పుడు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగిస్తుంది. పని బాగా చేస్తుంది, దుకాణందారుకు ఆమె మీద నమ్మకం. కానీ విశ్వవిద్యాలయం ఉన్న వీధిలోకి మాత్రం అడుగుపెట్టదు. ఆ వీధి మీదుగా పోయే బస్సు కూడా ఎక్కదు. ఆ బస్సు వదిలేసి చెల్లి నడుచుకుంటూ వచ్చిన ప్రతిసారీ అక్క సారు అన్న మాటలు మనసులో మళ్ళీ అప్పజెప్పుకునేది.

కౌంటరులో చేరాక ఆమె ఏడాదిపాటు నోరు మెదపకుండా చూసింది. ఉద్యోగాల మార్గదర్శక గదిలో పన్నెండు కంప్యూటర్లున్నాయి, వాటి ప్లాస్టిక్ తొడుగులు ఎవరూ తీయలేదు. నమూనా ఇంటర్వ్యూలకని కొన్న బల్ల మీద పాత కర్టెన్లు పడి ఉన్నాయి. కౌన్సెలర్ మాత్రం నిజంగానే ఉంది. వారానికి రెండురోజులు పై అంతస్తులో ఒక చిన్న గదిలో కూర్చుని, ఎవరూ రాకపోతే స్వెట్టరు అల్లుకుని వెళ్ళిపోయేది. ఏటా నివేదికకు వారం ముందు మాత్రం విభాగమంతా హడావుడి. గుమాస్తాలు రిజిస్టర్లు ముందేసుకుని, విద్యార్థుల పేర్లు ఎత్తిరాసి, పక్కన తలా ఒక రకం సంతకం గీకేవారు. ఆ ఏడాది రెండువేల నాలుగువందల మంది సేవలు పొందారని సారు వేదిక మీద చదివాడు.

ఆమెకు కావలసింది పాత ఫైళ్ళ బీరువాలో దొరికింది. ఎప్పుడో తనిఖీ బృందం వస్తోందని వెల్ఫేర్ సారే స్వయంగా రాసి అచ్చు వేయించిన నిబంధన అది. విద్యార్థి ఇచ్చే ప్రతి దరఖాస్తుకూ తేదీతో రసీదు ఇవ్వాలి. ఏడు పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ దరఖాస్తు రిజిస్ట్రారు బల్ల మీదకు వెళ్ళాలి. రసీదు అడిగేవాళ్ళు ఒక్కరూ లేక ఆ కాగితం అక్కడే పసుపు రంగుకు తిరిగింది. ఆమె దాన్ని మూడుసార్లు చదువుకుంది. ఆ రోజు ఇంటికి పోయి చాలా ఏళ్ళ తర్వాత కడుపునిండా తింది.

కొత్త విద్యార్థుల పరిచయ సభలో సంక్షేమ విభాగానికి పది నిమిషాలిస్తారు. ఆ ఏడాది ఆ పది నిమిషాలు భోజనాల తర్వాత పడ్డాయి. నిద్రమొహాలకు మాట్లాడటం సారుకు చిన్నతనం అనిపించి, నాలుగు ముక్కలు చెప్పి వచ్చెయ్యమని ఆమెను పంపాడు. ఆమె తొమ్మిదివందల మంది ముందు నిలబడింది. గొంతు పెంచలేదు.

“పాఠం అర్థం కాకపోతే అది మీ తప్పు కాదు. విడిగా చెప్పించుకునే హక్కు మీకుంది, వచ్చి అడగండి. దిగులుగా ఉంటే, నిద్ర పట్టకపోతే, కౌన్సెలర్ ఉన్నారు. ఉద్యోగానికి దరఖాస్తు ఎలా రాయాలో, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో నేర్పాలి, అది మా పని. ఆఖరి ఏడాది దాకా ఆగక్కర్లేదు, రేపే రండి. కానీ నోటిమాటతో అడగొద్దు. కాగితం మీద రాయండి. రసీదు చేతికి రాకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు. రేపు రమ్మంటే, ఆ రేపు ఏ తారీఖో రాసిమ్మని అడగండి.”

మర్నాడు పదకొండు మంది వచ్చారు. ఆ వారం చివరికి రోజుకు అరవై మంది. పిల్లలు ఆమెకు రసీదక్క అని పేరు పెట్టేశారు. ఎలా రాయాలో తెలియని వాళ్ళకు ఆమే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పేది. నీకేం కావాలో మొదటి వాక్యంలోనే రాయి, ఎప్పటికల్లా కావాలో రెండో వాక్యంలో రాయి అనేది. ఒక్కో రసీదు చించేటప్పుడు వచ్చే ఆ చప్పుడు ఆమెకు ఎంతో హాయిగా ఉండేది.

వెల్ఫేర్ సారు ఆమెను లోపలికి పిలిచాడు. “ఏం నూరిపోశావమ్మా వీళ్ళకి?”

“మీరు రాసిన కాగితమే సార్. చదివి వినిపించాను.”

ఆయన, పిల్లలతో కాస్త మెల్లగా పొమ్మని చెప్పి పంపేశాడు.

రెండోవారంలో ఒక అమ్మాయి వచ్చింది. గణితశాఖలో మొదటి ఏడాది, ఎప్పుడూ వెనక బెంచీ. కళ్ళ కింద నల్లగా వలయాలున్నాయి. కౌన్సెలర్‌ని కలవాలి అంది, అంతకు మించి మాట రాలేదు. అచ్చం చెల్లి నిలబడ్డట్టే నిలబడింది ఆ పిల్ల. పై అంతస్తులో కౌన్సెలర్ ఆ పూట ఉంది కూడా. చెయ్యి పట్టుకుని తీసుకుపోతే నాలుగు నిమిషాల పని. కానీ రసీదక్క లెక్క ఇంకోలా ఉంది. ఈ ఒక్క దరఖాస్తు ఏడురోజులు జవాబు లేకుండా పడి ఉండి రిజిస్ట్రారు ముందుకు వెళితే, మిగతా వందా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఆమె రాయించుకుంది. రసీదు ఇచ్చింది. వారం ఆగమంది.

నాలుగోరోజు ఆ అమ్మాయి గదిలో ఉండే పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. అది పెట్టె సర్దేసుకుంటోంది అక్కా, మూడురోజులుగా ఏమీ తినలేదు అని చెప్పింది. రసీదక్క కౌంటరు అలాగే వదిలేసి హాస్టలుకు పరుగెత్తింది. మంచం మీద మడతపెట్టిన బట్టల పక్కన ఆ అమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో ఆ రసీదు ఉంది.

ఆ రోజు కౌన్సెలర్ రావలసిన రోజు కాదు. రసీదక్క ఫోను చేసి బతిమాలి పిలిపించింది. ఆ అమ్మాయి లోపల మాట్లాడుతున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చుంది. తను చేసిన పని వెల్ఫేర్ సారు చేసిన పనికంటే ఏ రకంగా మెరుగో ఎంత ఆలోచించినా తేలలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా ఆయనవల్లే అనుకున్నాక కోపం రెండింతలైంది. ఆ దరఖాస్తును తనే బయటికి తీసి, పరిష్కారమైనట్టు రాసేసింది. ఆ తర్వాత దిగులుతో వచ్చిన ఎవరినీ కాగితం అడగలేదు. తిన్నగా మెట్లెక్కించేది. ఆ అమ్మాయి చదువు మానలేదు.

మిగతా దరఖాస్తులు నూటముప్పై దాకా గడువు దాటి రిజిస్ట్రారు దగ్గరికి చేరాయి. రిజిస్ట్రారు ముక్కుసూటి మనిషి. మూడురోజుల్లో సంజాయిషీ కావాలని రాసింది. వెల్ఫేర్ సారు పాత మందే వాడాడు. కొత్త విద్యార్థుల జాబితా తెప్పించి, అందరికీ సేవలందాయన్నట్టు రిజిస్టరు రాయించాడు. తొందరలో గుమాస్తాలు ఎత్తిరాసింది సీట్లు వచ్చినవాళ్ళ జాబితా, చేరినవాళ్ళది కాదు. ఆరేళ్ళు ఆ జాబితాలతోనే కూర్చున్న రసీదక్క ఒక్క చూపులో పట్టేసింది. సీటు వచ్చినా చేరకుండా వేరేచోటికి వెళ్ళిపోయిన పదకొండు మంది అందులో ఉన్నారు. వాళ్ళంతా వచ్చారట, నమూనా ఇంటర్వ్యూకు కూర్చున్నారట, తృప్తిచెందామని సంతకం కూడా చేశారట.

ఆ రిజిస్టరును సంతకానికి తీసుకెళ్ళింది ఆమే. అన్నీ సరిగ్గానే ఉన్నాయా అని సారు కలం తీస్తూ అడిగాడు.

“మీరొకసారి చూసుకుంటే మంచిది సార్,” అంది.

చూసుకోలేదు. సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఆమె పక్కనే నిలబడింది. మర్నాడు ఆ పదకొండు పేర్లూ విడిగా టైపు చేసి రిజిస్ట్రారుకు ఇచ్చి వచ్చింది.

విచారణ నెలరోజులు నడిచింది. పాత రిజిస్టర్లన్నీ బయటికి లాగారు. అన్ని ఏళ్ళదీ అదే కథ. వెల్ఫేర్ సారుకు రావలసిన పదోన్నతి ఆగిపోయింది. పరీక్షల విభాగం వెనక, జవాబుపత్రాల కట్టలు పేర్చే గోదాముకు బదిలీ చేశారు. గది ఖాళీచేసిన రోజున రసీదక్క లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. తనెవరో చెప్పింది. చెల్లెలి పేరు చెప్పింది, ఏ ఏడాదో చెప్పింది, ఆయన అన్న మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆయన నుదురు చిట్లించి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. “ఎంతమందో వస్తుంటారమ్మా. ఎవరని గుర్తుంచుకోను?” అని అట్టపెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కళ్ళద్దాల దుకాణంలో చెల్లికి అంతా చెప్పింది. చెల్లి అద్దం అరగదీసే మిషను ఆపి విన్నది.

“నా పేరు చెప్పావా?”

“చెప్పాను.”

“గుర్తుపట్టాడా?”

“లేదే.”

చెల్లి అద్దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. మళ్ళీ మిషను మీద పెట్టింది. “అయితే పని అవ్వలేదు. మళ్ళీ వెళ్ళు.”

అక్క రెండురోజులు పాత రిజిస్టర్లు తిరగేసింది. చెల్లి చేరిన ఏడాది పుస్తకంలో పందొమ్మిదివందల పేర్లున్నాయి. విచారణవాళ్ళు అసలు సంతకాలతో పోల్చి ఎర్రసిరాతో గుర్తులు పెట్టారు. నిజంగా వచ్చినవాళ్ళు నలుగురే. అందులో ఒకటి చెల్లి సంతకం. వచ్చిన పని దగ్గర కౌన్సెలర్‌ని కలవాలి అని ఉంది. ఆ పక్కన సారు చేతిరాతతో ‘పరిష్కరించబడింది’ అని ఉంది.

పుస్తకం చంకలో పెట్టుకుని గోదాముకు వెళ్ళింది. ఆయన కట్టలకు పురికొస బిగిస్తున్నాడు, చొక్కా మోచేతుల దగ్గర దుమ్ము. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

“ఎంతమందో వస్తుంటారన్నారు. ఆ ఏడాది మీ దగ్గరికి వచ్చింది నలుగురు సార్. మిగతావాళ్ళని మీరు రాసుకున్నారు. నలుగురు కూడా గుర్తులేరా?”

ఆయన ఆ పేజీని చాలాసేపు చూశాడు. పురికొస వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. చివరికి తల ఎత్తకుండానే అన్నాడు, “ఫారం ఇస్తుంటే చేతులు వణికేవి. ఆ అమ్మాయేనా?”

ఇప్పుడేం చేస్తోందని కూడా అడిగాడు. ఆమె పుస్తకం మూసుకుని వచ్చేసింది.

చెల్లి ఆ మాట విని మిషను ఆపింది. దుకాణందారు లోపల ఎవరికో కళ్ళు పరీక్ష చేస్తున్నాడు. తర్వాత ఆమె చేతులు తుడుచుకుని, వాటి వంక ఒకసారి చూసుకుని అంది, “అంటే ఇవి వణకడం అప్పుడే చూశాడన్నమాట. చూసి కూడా ఆ మాట అన్నాడు.”

అక్క తలూపింది. ఇద్దరూ దుకాణం మూసేదాకా ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు. ఆయన్ని క్షమించే మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.